అద్దెకొచ్చిన దొంగ

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. ఉంటే ఏం? సర్వర్లకు కాపలా కాసే మనిషికి ఆ మాత్రం కోపం ఉండాలి. శాంతస్వభావులు పూలమొక్కలు పెంచుకోవచ్చు.

నేను పనిచేసేది వినే పుస్తకాల లైబ్రరీలో. కళ్ళు కనిపించనివాళ్ళ కోసం పుస్తకాలను మనుషులు చదివి రికార్డు చేస్తారు, వినేవాళ్ళు ఫోన్లో వింటారు. వీధిలో కళ్ళజోళ్ళ షాపు, దాని పక్కనుంచి మెట్లు, రెండో అంతస్తులో మేము. రికార్డింగ్ గదికి నాలుగు గోడలకీ స్పాంజి అంటించి ఉంటుంది. దాని పక్కన ఒకప్పుడు చీపుళ్ళు, బకెట్లు పెట్టుకున్న చిన్న గదే ఇప్పుడు సర్వర్ల గది. ఏసీ నీళ్ళు కారడం మానదు కాబట్టి బకెట్ ఒకటి ఇంకా అక్కడే ఉంది.

పుస్తకాలన్నీ ఉండే సర్వర్లు మూడున్నాయి. ఏదో ఆఫీసువాళ్ళు ఖాళీ చేసి వెళుతూ ఇచ్చేసిన పాత పెట్టెలు. వాటికి పెద్దోడు, నడిపోడు, చిన్నోడు అని నేనే పేర్లు పెట్టాను. వాటి మీద నడిచే సాఫ్ట్‌వేర్ అంతా ఓపెన్‌సోర్స్. "అందరికీ కనిపించే ప్రోగ్రాంకి భద్రత ఎక్కడిదండీ?" అని ఎవరైనా అడిగితే నేను ఒంటికాలి మీద లేస్తాను. ఆ తాళం లోపల ఎలా ఉందో లోకమంతా విప్పి చూసింది, లోపం కనిపిస్తే చెప్పింది, బాగు చేసింది. తాళంచెవి మాత్రం నా దగ్గరే ఉంటుంది. ఇంతకంటే ఏం కావాలి?

ఇక మా వదిన. మా ఆయనకు అక్క. పుట్టినప్పటినుంచీ చూపు లేదు. పుస్తకాలిచ్చే బల్ల దగ్గర ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆవిడే. ఫోన్లో అవతలివాళ్ళు "హలో" అంటే చాలు, ఎవరో, ఏ పుస్తకం ఎక్కడ ఆపారో చెప్పేస్తుంది. తొమ్మిదేళ్ళ క్రితం నాకు ఈ ఉద్యోగం ఉందని చెప్పింది ఆవిడే. ఆ సంగతి నెలకోసారి గుర్తు చేసేదీ ఆవిడే.

ఆర్నెల్ల క్రితం మా లాంటి ఇంకో లైబ్రరీలోకి మాల్‌వేర్, అంటే ఫైళ్ళను పాడుచేసే దొంగ ప్రోగ్రాం, దూరింది. తెల్లారేసరికి వాళ్ళ పుస్తకాలన్నీ ఎవరికీ తెరుచుకోని ఫైళ్ళయి కూర్చున్నాయి. చాలావరకు తిరిగి రాలేదు. దాంతో మా కమిటీకి గుండెల్లో రాయి పడింది. అధ్యక్షురాలు లెక్కల టీచరుగా రిటైరైన మనిషి. ఏ విషయమైనా పరీక్ష పెట్టకుండా నమ్మదు. "ఒక దొంగను అద్దెకు తెద్దాం" అంది.

అలాంటి వృత్తి నిజంగానే ఉంది. చొరబడే ప్రయత్నం చేసి, ఎక్కడ లోపముందో రాసిచ్చే మనిషి. ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు వరకు టైము. తలుపులు బద్దలు కొట్టకూడదు, మనుషుల మీద చేయి వెయ్యకూడదు. మిగతా ఏం చేసినా సరే. సర్వర్లలో ఒక ఫైలు వదిలినా, ఏ పెట్టె మీదైనా తన ఎర్ర స్టిక్కరు అంటించినా అతను గెలిచినట్టు. అతను గెలిస్తే మా సర్వర్లు కట్టేసి పుస్తకాలన్నీ ఒక బయటి కంపెనీకి అప్పజెబుతారు.

ఆ కంపెనీకి ఒక షరతుంది. ఏడాదికి వందమంది కూడా వినని పుస్తకాన్ని వాళ్ళు ఉంచరు. మా దగ్గర పదకొండు వేల పుస్తకాలున్నాయి. వందమంది వినేవి నాలుగు వందలు కూడా ఉండవు. మిగతావన్నీ ఎవరో ఒకరి కోసం చదివినవి. పియానోలు సరిచేసే ఒకాయన కోసం పియానో లోపలి తీగల గురించి. తేనెటీగలు పెంచే ఒకావిడ కోసం వాటి రోగాల గురించి. ఒక పిల్ల కోసం ఆరో తరగతి భూగోళం. ఓడిపోతే అవన్నీ చెత్తబుట్టలోకే. నా ఉద్యోగం కూడా వాటితో పాటే పోతుంది కానీ, స్వార్థంలా వినిపిస్తుందని ఆ మాట ఎవరి దగ్గరా ఎత్తలేదు.

నెల రోజులు నాకు తిండి సహించలేదు. సర్వర్లలోకి నెట్ ద్వారా వచ్చే తలుపుల్లో వాడనివన్నీ మూసేశాను. అక్కర్లేని ప్రోగ్రాములు పీకేశాను. ఉన్నవాటిని కొత్తవి చేశాను. పాస్‌వర్డులు తీసిపారేసి, నా కంప్యూటర్లో మాత్రమే ఉండే ఒక రహస్య కీ ఫైలు పెట్టాను. అది చాలదన్నట్టు ఫోన్లో అరనిమిషానికోసారి మారిపోయే ఆరంకెల కోడ్. మూడుసార్లు కోడ్ తప్పు కొడితే ఆ కంప్యూటర్ని మూడు సర్వర్లూ ఇరవైనాలుగు గంటలపాటు గడప తొక్కనివ్వవు. ఎవరైనా సరే, దయాదాక్షిణ్యాలు లేవు.

వీటన్నిటికంటే నాకు ముద్దొచ్చేది ఒక చిన్న కాపలా ప్రోగ్రాం. సర్వర్లో ఉన్నట్టుండి బోలెడు ఫైళ్ళ పేర్లు మారిపోతుంటే, అంటే మాల్‌వేర్ పని మొదలుపెడితే, నాకు వెంటనే మెయిలు పంపుతుంది. రెండేళ్ళ క్రితం నేనే రాశాను. రాసి మురిసిపోయి, అందరూ వాడుకోండని ఓపెన్‌సోర్స్ ఫోరమ్‌లో పెట్టాను. నూట పన్నెండు మంది మెచ్చుకున్నారు. అవును, లెక్కపెట్టాను.

యంత్రాలయ్యాక మనుషుల వంతు. సర్వర్ల గది తాళంచెవి వదిన మెడలో గొలుసుకు వేలాడుతుంది. రోజూ ఉదయం ఆవిడ ఒక మాట అనుకుని నా చెవిలో ఒక్కసారే చెబుతుంది. ఆ మాట చెప్పినవాళ్ళకే తాళంచెవి. ఈ రూళ్ళన్నీ నేను చెబుతుంటే వదిన బ్రెయిలీలో ఒక అట్ట మీద పొడిచి, బల్ల కింద అంటించుకుంది.

"నువ్వడిగినా ఇవ్వొద్దా?" అంది.

"మాట చెప్పకపోతే నాకైనా ఇవ్వొద్దు వదినా. నేను ఏడ్చినా ఇవ్వొద్దు."

"ఏడుస్తావా? అయితే చచ్చినా ఇవ్వను. ఎలా ఏడుస్తావో వినాలనుంది."

పరీక్ష రోజు ఎనిమిదిన్నరకే వెళ్ళాను. వదిన తన బల్ల దగ్గరినుంచి పిలిచింది. "అమ్మాయ్, ఇవాళ్టి మాట చెప్తాను, చెవి ఇలా తే."

"తర్వాత చెబుదురుగాని వదినా. దొంగ వచ్చే వేళయింది, నాకు చేతినిండా పనుంది" అని నా గదిలోకి పరిగెత్తాను.

దొంగ అంటే నేను నల్లకోటు, చూపులో చురుకు, ఏవేవో ఊహించుకున్నాను. వచ్చినతను సన్నగా, స్వెట్టరు వేసుకుని, చేతిలో టిఫిన్ డబ్బాతో ఉన్నాడు. బూట్లు గుమ్మం బయట విడవాలా అని అడిగాడు. వరండాలో ఒక బల్ల, కుర్చీ ఇచ్చాం. "ప్లగ్ పాయింటు ఎక్కడండీ?" అన్నాడు. ఇంత మర్యాదస్తుణ్ణి ఓడించడానికా నెలరోజులు తిండి మానేశానని నాకు చిరాకేసింది.

మర్యాద మనిషిలోనే కానీ పనిలో లేదు. పది గంటలకల్లా మా సర్వర్ల తలుపులన్నీ ఒక్కొక్కటిగా తట్టి చూశాడు. నేను నా గదిలో కూర్చుని, ఎవరు ఎప్పుడు తట్టారో సర్వరు రాసుకునే లాగ్ ఫైల్లో అతని తిప్పలన్నీ వరసగా చదువుకున్నాను. అక్కడ తట్టాడు, తెరుచుకోలేదు. ఇక్కడ తోశాడు, కదల్లేదు. మూడుసార్లు తప్పు కొట్టాడు, సర్వరు మెడపట్టి గెంటింది. ఇంకో ఇంటర్నెట్ చిరునామా నుంచి వచ్చాడు, అక్కడా అంతే. అంత హాయి నాకు ఈ మధ్య ఏ సినిమాలోనూ దొరకలేదు.

పదకొండున్నరకు గొంతు మార్చి వదినకు ఫోన్ చేశాడు.

"మేడమ్, ఏసీ కంపెనీ నుంచి మాట్లాడుతున్నాను. మీ సర్వర్ల గదిలో నీళ్ళు కారుతున్నాయట కదా, మనిషిని పంపిస్తున్నాం. తాళం తీసి ఉంచుతారా?"

"అయ్యో, తప్పకుండా. ఇవాళ్టి మాట చెప్పండి" అంది వదిన.

"ఏం మాటండీ?"

"అది మీరే చెప్పాలి బాబూ. అయినా ఏసీ కంపెనీకి మేం ఫోన్ చేసి ఏడు నెలలైంది. ఇన్నాళ్ళకు ఇవాళే ఎలా గుర్తొచ్చాం?"

అవతల ఫోన్ పెట్టేశారు. వరండాలో అతను తల గోక్కోవడం నాకు కిటికీ అద్దంలోంచి కనిపించింది.

మధ్యాహ్నం అతను డబ్బా విప్పుకుని తింటుంటే నేను కూనిరాగం తీస్తూ పనిలేకపోయినా అతని ముందునుంచి రెండుసార్లు నడిచాను. "గోడలు గట్టిగా కట్టారు మేడమ్" అన్నాడు. నాకు మీసాలుంటే అక్కడే మెలేసేదాన్ని. కళ్ళు నెత్తికెక్కడమంటే ఏమిటో నన్ను చూస్తే ఆ పూట ఎవరికైనా తెలిసేది.

మూడింటికి పావుగంట తక్కువగా నా ఫోన్ మోగింది. కాపలా ప్రోగ్రాం నుంచి మెయిలు. "నడిపోడు: ఐదు నిమిషాల్లో రెండు వందల పద్నాలుగు ఫైళ్ళ పేర్లు మారాయి. వెంటనే చూడండి." అవి నేను రాసుకున్న మాటలే, అక్షరం పొల్లు పోలేదు.

దొంగ లోపలికి వచ్చేశాడు. పుస్తకాలు ఒక్కొక్కటే పోతున్నాయి. పుస్తకాలన్నిటి నకలు బీరువాలో భద్రంగా ఉందన్న సంగతి కూడా ఆ క్షణాన తోచలేదు. నడిపోడిలోకి వెళ్ళబోయాను, కోడ్ అడిగింది. ఫోన్లో చూసి కొట్టేలోపు అంకెలు మారిపోయాయి. మళ్ళీ చూశాను, తొందరలో ఐదుకు బదులు ఆరు కొట్టాను. మూడోసారి ఏం కొట్టానో నాకే తెలీదు. కనెక్షన్ తెగిపోయింది. ఆ తర్వాత ఎన్నిసార్లు పిలిచినా ఉలుకూ పలుకూ లేదు.

అంతలో ఫోన్‌కి ఇంకో మెయిలు. "చొరబాటుదారు ఒకరిని పట్టుకుని ఇరవైనాలుగు గంటలు నిషేధించాం." కింద ఆ చొరబాటుదారు చిరునామా ఉంది. అది నా కంప్యూటరే.

నేను కట్టిన కోట నన్నే బయట పెట్టి గడియ వేసుకుంది. ఇక ఒక్కటే దారి. గదిలోకి వెళ్ళి నడిపోడి వైరు చేత్తో పీకెయ్యాలి. వరండాలో పరిగెత్తాను. దొంగ కుర్చీ ఖాళీగా ఉండటం చూశాను కానీ బుర్రకు ఎక్కలేదు.

"వదినా, తాళంచెవి!"

వదిన ఒక చెవిలో ఇయర్‌ఫోన్‌తో తీరిగ్గా కూర్చుని ఉంది. "మాట చెప్పు" అంది.

"మాటా లేదు, మంటా లేదు! నడిపోడిలోకి దూరాడు. పుస్తకాలు పోతున్నాయి. ముందు ఇవ్వండి!"

"మాట చెప్పమ్మా."

"నేనే వదినా! మీ తమ్ముడి పెళ్ళాన్ని! నా గొంతు తెలీదా?"

"తెలీకేం, మెట్ల కింది దాకా వినిపిస్తోంది. మాట మాత్రం వినిపించలేదు."

"పొద్దున నేను చెప్పించుకోలేదు కదా!"

"అదే నేనూ అంటున్నది."

నాకు ఒళ్ళు మండిపోయింది. అనకూడని మాటలు అన్నాను. ఆవిడకు మొదటినుంచీ నన్ను చూస్తే లోకువేనన్నాను. ఈ లైబ్రరీ మునిగిపోతే ఆ పాపం ఆవిడదేనన్నాను. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. వదిన మాత్రం నిదానంగా బల్ల కిందికి చేయి పోనిచ్చి, అట్ట మీద వేళ్ళు జరుపుతూ చదివింది.

"నాలుగో రూలు. తొందరపడుతున్న మనిషిని ముందు కూర్చోబెట్టాలి. నువ్వు రాయించిందే. కూర్చో తల్లీ."

ఆ రూలు మీద నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు. అయినా వేరే దారి లేక ఆవిడ ఎదురుగా ఉన్న స్టూలు మీద కూలబడ్డాను. కూర్చోవడానికి వెనక్కి తిరగ్గానే దొంగ కనిపించాడు. నాకు రెండడుగుల వెనక, బీరువా పక్కన ఒదిగి, చూపుడువేలి చివర ఎర్ర స్టిక్కరు పట్టుకుని నిలబడ్డాడు. నేను తాళం తీయడమే ఆలస్యం, నా వెనకే లోపలికి వచ్చేసేవాడు. వైరు పీకే హడావుడిలో నేను తిరిగి చూసేదాన్ని కూడా కాదు.

వదిన చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసింది.

"నడిపోడి మీద ఉన్న పుస్తకమే పొద్దుట్నుంచి వింటున్నాను. నువ్వు అరుస్తుంటే అనుమానం వచ్చి ఇంకో మూడు తెరిచి చూశాను. అన్నీ శుభ్రంగా చదువుతున్నాయి. ఏ పుస్తకం పోయిందమ్మా?"

దొంగ స్టిక్కరును మళ్ళీ కాగితానికి అంటించుకుని, వచ్చి నా పక్కన నిలబడ్డాడు. పాపం, అతనికే మొహమాటంగా ఉంది.

"ఆ మెయిలు నేను పంపిందేనండీ. మీ ప్రోగ్రాం ఫోరమ్‌లో చదివాను. చాలా బాగా రాశారు. మెయిలు ఎలా వస్తుందో, ఎక్కడినుంచి వస్తుందో నమూనా కూడా పెట్టారు కదా. అక్కడ సర్వరు పేరు నడిపోడు అని చూసి భలే నవ్వుకున్నాను."

లోకమంతా విప్పి చూడొచ్చని గొప్పలు చెప్పుకున్నది నేనే. ప్రోగ్రాం లోకానికి పెట్టడం తప్పు కాదు, ఇప్పటికీ అదే అంటాను. మా సర్వర్ల పేర్లు, మా మెయిలు చిరునామా తీసెయ్యకుండా పెట్టడం తప్పు. మెప్పులు లెక్కపెట్టుకునే తొందరలో ఆ పని మర్చిపోయాను. ఏ మెయిలైనా నిజంగా అది చెప్పే చోటినుంచే వచ్చిందా అని చూసుకోవాలని నలుగురికి పాఠాలు చెప్పేదాన్ని, నేనే చూసుకోలేదు.

ఇంకా రెండు గంటల టైముంది. అతను మళ్ళీ తన కుర్చీలోకి వెళ్ళి పని మొదలుపెట్టాడు. నాకు నా సర్వర్లలోకి ప్రవేశం లేదు. అతను ఏ తలుపు తడుతున్నాడో చూసే వీలు కూడా లేదు. స్టూలు మీదే కూర్చుని గోళ్ళు కొరుక్కున్నాను. ప్రతి అయిదు నిమిషాలకూ వదిన ఒక పుస్తకం తెరిచి, "ఇదీ చదువుతోంది" అని చెబుతూ వచ్చింది. పియానో తీగలు చదివాయి. తేనెటీగలు చదివాయి. ఆరో తరగతి భూగోళం చదివింది. ఆ రెండు గంటలు నా తల ప్రాణం తోకకొచ్చింది.

ఐదు కొట్టగానే అధ్యక్షురాలు వచ్చింది. దొంగ ల్యాప్‌టాప్ మూసి లేచి నిలబడ్డాడు.

"యంత్రాలు గట్టివండీ. బల్ల దగ్గర మేడమ్ ఇంకా గట్టివారు. నాకు దొరికిన లోపం ఒక్కటే" అని, చేయి చూపించడానికి సిగ్గుపడి, నా వైపు తల ఊపాడు.

అధ్యక్షురాలు కళ్ళజోడు పైనుంచి నన్ను చూసింది. "ఆ వివరం తర్వాత వింటాను. పాసా, ఫెయిలా?"

"పాసేనండీ. లోపలికి వెళ్ళలేకపోయాను. సర్వర్లు ఇక్కడే ఉండొచ్చు, పుస్తకాలు కూడా."

నేను భోరుమన్నాను. సంతోషంతోనే, కానీ ఏడుపు ఏడుపే కదా. వదిన చెవి ఇటు తిప్పి శ్రద్ధగా విని, "బాగానే ఏడుస్తోంది" అంది. అధ్యక్షురాలు కూడా నవ్వడం ఆ రోజే చూశాను. వదిన చేతులు పట్టుకుని, మధ్యాహ్నం అన్న మాటలన్నిటికీ క్షమించమన్నాను. "అవన్నీ గుర్తు పెట్టుకున్నాను, నీ మొగుడికి చెబుతాను" అంది. అంటే క్షమించేసిందన్నమాట.

అందరూ వెళ్ళిపోయాక, సర్వర్ల గదిలోకి వెళ్ళి నా మీద నిషేధం తీసేసుకుందామని వదినను మాట అడిగాను.

"మాట పొద్దున ఒక్కసారే చెప్పాలని రూలు. రేపు రా" అంది.

తొమ్మిదేళ్ళలో మొదటిసారి ఆ లైబ్రరీలో నాకు చేయడానికి పని లేకుండా పోయింది. వట్టి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తోచలేదు.

"నువ్వెప్పుడైనా వీటిలో ఒక పుస్తకం విన్నావా?" అని అడిగింది వదిన.

"వినకేం? రోజూ తెరిచి చూస్తాను కదా. పది సెకన్లు విని, మోగుతోందంటే మూసేస్తాను."

"అది వినడం కాదు, తలుపు తట్టి పారిపోవడం. ఇలా రా." ఒక ఇయర్‌ఫోన్ నా చెవిలో పెట్టి, రెండోది తను పెట్టుకుంది.

లైబ్రరీ కోర్సు పాఠ్యపుస్తకం. వదినకు పంతొమ్మిదేళ్ళప్పుడు ఆవిడ కోసం క్యాసెట్లలో చదివించారట. ఆ పుస్తకాన్ని ఈ ముప్పై ఏళ్ళలో విన్నది వదిన ఒక్కతే. ఎవరో ఒకావిడ గొంతు. పుస్తకాలను విషయాలవారీగా ఎలా సర్దాలో చదువుతోంది. మధ్యలో దగ్గింది. బయట ఏదో లారీ వెళితే ఆగి, అది పోయాక ఆ వాక్యం మళ్ళీ మొదటినుంచి అందుకుంది. ఇంత నీరసమైన పుస్తకం నా జన్మలో వినలేదు, అయినా ఇయర్‌ఫోన్ తీయబుద్ధి కాలేదు.

"ఎవరు వదినా ఈవిడ?"

"తెలీదమ్మా. కింద షాపులో కళ్ళజోడు కొనుక్కోవడానికి వచ్చి, మన బోర్డు చూసి పైకి వచ్చిందట. పద్నాలుగు వారాలు వచ్చి మొత్తం చదివేసి వెళ్ళిపోయింది. పేరు రాసుకోవడం మనవాళ్ళకు తోచలేదు. నేను పరీక్ష పాసయ్యానని ఆవిడకు చెప్పడం కుదరనే లేదు."

చెవిలో ఆ గొంతు పేజీ తిప్పింది. "ఇక్కడ ఒక బొమ్మ వేశారమ్మా, నీకు చెబుతాను. పుస్తకాల వివరాల కార్డులు పెట్టుకునే పొడుగాటి చెక్కపెట్టె. దానికి అరవై చిన్న చిన్న సొరుగులు. నీ ఎడమచేతి వైపు పైసొరుగు దగ్గర మొదలుపెట్టు..." అరవై సొరుగుల్లో ఏది ఎక్కడుందో ఒక్కటీ వదలకుండా చెప్పింది. చెప్పి, ఇంకో మాట అంది. "అర్థం కాకపోతే వెనక్కి తిప్పుకుని మళ్ళీ విను తల్లీ. ఎన్నిసార్లయినా చెబుతాను, నాకేం విసుగు లేదు."

నేను వదిన చెవిలోని ఇయర్‌ఫోన్ కూడా లాక్కుని, మొదటినుంచి పెట్టమన్నాను.